కుర్చీని ఒకసారి తిరగేసి చూడండి

సావనీరుకు ఏదైనా రాసిపెట్టమని యూనియన్ కార్యదర్శి వచ్చి అడిగినప్పుడు, దేనిమీద రాయమంటావని అడిగాను. "మీ ఇష్టం మేడమ్, విద్యార్థులకు పనికొచ్చేది ఏదైనా ఫర్వాలేదు" అన్నాడు. విద్యార్థులకు పనికొచ్చే విషయాలమీద ఈ పుటల్లో ప్రతి ఏడూ నలుగురైదుగురు పెద్దలు రాస్తూనే ఉన్నారు. క్రమశిక్షణ, దేశభక్తి, లక్ష్యసాధన, ఏదీ వదిలిపెట్టలేదు. అంచేత వాళ్ళెవరూ ముట్టని విషయం ఒకటి ఎంచుకున్నాను. కుర్చీ.

తొందరపడి నవ్వకండి. యూనియన్ ఎన్నికల్లో మీరు పోటీపడే కుర్చీ గురించి కాదు నేను చెప్పేది. నాలుగు కాళ్ళుండి, అందులో ఒకటి కదులుతూ, కూర్చున్నప్పుడల్లా కిర్రుమనే మామూలు చెక్క కుర్చీ గురించి. అలాంటి కుర్చీ మీ ఇంట్లో ఒకటి ఉంటుంది. మన కాలేజీలో చాలా ఉన్నాయి. సైకిల్ స్టాండు దాటి భవనం వెనక్కి వెళితే గోడవారగా ఒక గుట్ట కనిపిస్తుంది. కాళ్ళు విరిగిన బెంచీలు, వీపు ఊడిన కుర్చీలు, సొరుగు లేని బల్లలు. మొన్న వేసవిలో అటుగా వెళ్ళి, ఇవన్నీ ఇక్కడెందుకున్నాయని అటెండరును అడిగాను. "కండెమ్ చేసినరు మేడమ్. వేలం పెడితే తుక్కోడు పట్టుకపోతడు" అన్నాడు. ఒక బెంచీని కష్టపడి తిరగేసి చూశాను. టేకు. ఒక్క అతుకు వదులయిందంతే. ఆ అతుకు బిగించే నాథుడు లేక అది వానకు తడుస్తోంది.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పాత సామాను బాగుచేసుకోవడం పిసినారితనం కాదు, కాలక్షేపమూ కాదు. అది చదువుకున్నవాళ్ళందరూ నేర్చుకోవలసిన విద్య. ఆ విద్యకు కాలేజీలో చోటుండాలి. ఎందుకంటున్నానో చెప్పాలంటే ముందు మా ఇంటి సంగతి చెప్పాలి.

మేమిప్పుడు చిక్కడపల్లిలో ఉంటున్నాం గాని, నా చిన్నతనమంతా అశోక్‌నగర్‌లో గడిచింది. హుస్సేన్‌సాగర్ మిగులు నీళ్ళు మోసుకుపోయే నాలాకు దగ్గర్లో, ఒక ఇంటి కింది పోర్షన్‌లో అద్దెకుండేవాళ్ళం. ఇంట్లో నాన్న రాతబల్ల ఒకటుండేది. నాకు ఊహ తెలియకముందే జాంబాగ్‌లో సెకండ్ హ్యాండుగా కొన్నారట. టేకు బల్ల, రెండు సొరుగులు, ఇత్తడి పిడులు. నాన్న దానిమీదే ఆఫీసు ఫైళ్ళు చూసుకునేవారు, మేం అన్నాచెల్లెళ్ళం హోంవర్కు చేసుకునేవాళ్ళం, పండగలకు అమ్మ దానిమీదే అరిసెల పిండి ఆరబోసేది. 1999లో అన్నయ్య కోసం ఒక కంప్యూటర్ టేబుల్ కూడా కొన్నారు. నున్నగా, మెరుస్తూ, కీబోర్డుకు జరిగే అర ఒకటి, కింద చక్రాలు. దానిముందు నాన్న బల్ల పల్లెటూరి చుట్టంలా వెలవెలబోయింది.

2000 ఆగస్టు 24 నాటి వాన మన నగరంలో పెద్దవాళ్ళెవరూ మరిచిపోలేదు. ఒక్కరోజులో 24 సెంటీమీటర్లు కురిసింది. నాలా పొంగి అశోక్‌నగర్, దోమల్‌గూడ, హిమాయత్‌నగర్ ప్రాంతాల్లో ఇళ్ళల్లోకి నీళ్ళు వచ్చేశాయి. మా ఇంట్లో నడుమెత్తు వచ్చాయి. మేం పై వాటా వాళ్ళింట్లో రెండు రాత్రులు తలదాచుకుని, మూడోనాడు దిగివచ్చి చూసుకుంటే కంప్యూటర్ టేబుల్ నానిన అటుకుల్లా ఉబ్బి ఉంది. పట్టుకుంటే పిడికెడు పొట్టు చేతిలోకి వచ్చింది. నాన్న బల్ల మాత్రం ఒక పక్కకు ఒరిగి, రెండు కాళ్ళు ఊడి నిలబడింది. చెక్క ఎక్కడా పాడవలేదు. అతుకులు మాత్రమే వదిలేశాయి.

కంప్యూటర్ టేబుల్‌ను మునిసిపాలిటీ బండిలో వేశాం. బల్లను నాన్న ఊడదీసి, కాళ్ళూ పట్టీలూ ఒక కట్టగా తాడుతో కట్టారు. "తీరిగ్గా చేయిద్దాం" అన్నారు. తీరిక రాలేదు. ఇల్లు మారి చిక్కడపల్లి వచ్చాం. కట్ట అటకెక్కింది, పైచెక్క మంచం కింద చేరింది. అలా ఇరవై ఏళ్ళకు పైగా ఉండిపోయింది.

నాన్న 2021లో పోయారు. మరుసటేడు ఇంటికి సున్నం వేయించే ముందు అటక దులుపుతుంటే ఆ కట్ట కిందికి దిగింది. దాచుకోవడానికి చోటు లేదు, తుక్కువాణ్ణి పిలిచాను. అతను కట్టను చేత్తో ఎత్తి చూసి, వంటచెరుకు ధర చెప్పాడు. అమ్మ ఏమీ అనలేదు. వంటింట్లోకి వెళ్ళిపోయింది. నాకు ఎక్కడో గుచ్చుకుంది. అమ్మనని తుక్కువాణ్ణి పంపేసి, ఒక సుత్తి, పిడికెడు మేకులు తెచ్చుకుని నేనే కూర్చున్నాను. అంత చదువూ చదివిన బుర్రతో ఒక కాలును పట్టీకి ఆనించి మేకు దిగ్గొట్టాను. పట్టీ చివర నిలువునా చీలింది.

అప్పుడు వెళ్ళాను నారాయణగూడలో ఉండే ఒక ముసలి మేస్త్రీ దగ్గరికి. చిన్న సందులో, రేకుల షెడ్డు కింద, తన ఈడువే అనిపించే ఉలులూ చిత్రికా పెట్టుకుని కూర్చునే మనిషి. ఇంటికి వచ్చి, చీలిన పట్టీ చూసి తలకొట్టుకున్నాడు.

"ఏంది బిడ్డా, మొల కొట్టినవా? మొల కట్టెను చీల్చుకుంట పోతది. గీ బల్లకు ఎక్కడన్న మొల ఉన్నదా, సూడు."

చూశాను. ఒక్కటి లేదు. పట్టీ చివర నాలుకలా చెక్కి, కాలులో తొలిచిన బెజ్జంలోకి దూర్చారు. బెజ్జానికి అడ్డంగా వెదురు సీల దిగేశారు. పైన వజ్రం బంక రాశారు. తోళ్ళూ ఎముకలూ ఉడకబెట్టి తీసే ఆ బంకకు ఒక గుణముంది. ఎండితే గట్టిగా పట్టుకుంటుంది, నీళ్ళూ వేడీ తగిలితే మెత్తబడి వదిలేస్తుంది. వరదలో బల్ల ఊడిపోయింది దానివల్లనే. ఊడిందే గాని విరగకుండా మిగిలింది కూడా దానివల్లనే.

"దీన్ని చేసినోడు, రేపు ఇంకొకడు ఇప్పుతడని ఎరికుండి చేసిండు బిడ్డా" అన్నాడు మేస్త్రీ.

నేను ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ మాట. ఎవరో తెలియని వడ్రంగి, తన తరువాత వచ్చే ఇంకో వడ్రంగి కోసం దారి వదిలిపెట్టి పని చేశాడు. ఇవాళ మనం కొంటున్న సామానులో ఆ దారి లేదు. రంపపు పొట్టు, చెక్క పేళ్ళు బంకతో కలిపి వత్తిన పలకలమీద చెక్కలా కనిపించే కాగితం అంటించి అమ్ముతున్నారు. తడిస్తే ఉబ్బుతుంది, ఉబ్బింది మళ్ళీ అణగదు. మర ఒకసారి ఊడిన చోట రెండోసారి పట్టదు. దాన్ని చేసినవాడికే దాన్ని బాగుచేసే ఉపాయం తెలియదు. చవక అనుకుని మూడేళ్ళకొకసారి కొంటూ పోతాం. టేకు సామాను అందరూ కొనుక్కోగలిగింది కాదు, నిజమే. నేనూ కొనలేను. అందుకే అంటున్నాను, ఉన్నదాన్ని పోగొట్టుకోకూడదని.

సరే, పని సంగతికొస్తాను. సంక్రాంతి ముందు అయిదు ఆదివారాలు పట్టింది. మేస్త్రీ రెండు రోజులే వచ్చాడు. మిగిలిందంతా ఆయన చెప్పినట్టు నేను చేసుకున్నదే. ఎవరైనా చేసుకోవచ్చు కనుక కొంచెం వివరంగా చెబుతాను.

మొదట పాత బంక తీయాలి. కొత్త బంక చెక్కకు పట్టుకుంటుంది గాని పాత బంకకు పట్టుకోదు. వేడినీళ్ళలో ముంచిన గుడ్డతో తడిపి, మెత్తబడ్డాక మొద్దు చాకుతో గీకాలి. ఉలితో చెక్కితే నాలుక సన్నబడి మళ్ళీ వదులవుతుంది. తరువాత చెక్క ఒకటి రెండు రోజులు నీడన ఆరాలి. నాలుక ఇంకా వదులుగా ఉంటే అదే జాతి చెక్క నుంచి చీల్చిన పలచని పేడు అంటించి లావు చేయాలి. నేను చీల్చిన పట్టీకి కూడా మేస్త్రీ అదే వైద్యం చేశాడు. చీలికలోకి బంక ఎక్కించి గుడ్డతో గట్టిగా కట్టు కట్టాడు, విరిగిన చేతికి కట్టినట్టు.

ఇక బిగించడం. 1959లో ఫెవికాల్ వచ్చాక మన వడ్రంగులు పొయ్యిమీద వజ్రం కాచుకునే అవస్థ తప్పింది. అది రాసి కలిపాక కదలకుండా పట్టి ఉంచాలి. దానికి ఇనప క్లాంపులు కొనక్కర్లేదు. నాలుగు కాళ్ళచుట్టూ నూలుతాడు రెండు వరుసలు చుట్టి, వరసల మధ్య కర్రముక్క దూర్చి మెలివేయాలి. తాడు బిగిసినకొద్దీ అతుకు దగ్గరవుతుంది. మూలమట్టం పెట్టి చూసుకుని, రాత్రంతా అలాగే వదిలేయాలి. తెల్లారి సీల దిగేస్తే సరి.

ఉప్పుకాగితం పట్టడంలో అందరూ చేసే తప్పు నేనూ చేశాను. గుండ్రంగా రుద్దాను. చెక్క నార ఎటు సాగితే అటే రుద్దాలి, లేకపోతే పాలిష్ పడ్డాక గీతలన్నీ బయటపడతాయి. ముందు గరుకుది, తరువాత మధ్యరకం, చివర నునుపుది. బల్లమీద నాన్న కలం ఒలికిన సిరా మరక ఒకటుంది. అది పోవాలంటే చెక్కనే లోతుగా అరగదీయాలన్నాడు మేస్త్రీ. వద్దన్నాను.

పాలిష్‌కు లక్కరేకులు స్పిరిట్‌లో రాత్రంతా నానబెట్టాం. లక్క అంటే చెట్టుకొమ్మలమీద పురుగులు పెట్టే జిగురు. మన దేశం తరతరాలుగా ప్రపంచానికి అమ్మిన సరుకు. పాత నూలు గుడ్డలో దూది చుట్టి, ముంచి, పలచగా ఒక్కొక్క పూత వేసుకుంటూ పోవాలి. లక్క పాలిష్‌లో గొప్పతనం ఏమిటంటే, కొత్త పూత కింది పూతను కొంచెం కరిగించి దానితో కలిసిపోతుంది. అంచేత ఎన్నేళ్ళ తరువాతయినా మొత్తం గీకేయకుండానే మళ్ళీ పూత వేసుకోవచ్చు. వానాకాలం మాత్రం ఈ పని పెట్టుకోకూడదు. గాలిలో తేమకు పాలిష్ తెల్లగా మసకబారుతుంది. మాకు పుష్యమాసపు పొడి గాలి కలిసొచ్చింది. స్పిరిట్ పెట్రోలులా అంటుకుంటుంది కనుక వంటింటి దగ్గర వద్దు, కిటికీలు తీసిపెట్టుకోండి. లక్క బదులు అవిసె నూనె రాసేవాళ్ళకు ఇంకో హెచ్చరిక. నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకున్న సందర్భాలున్నాయి. విప్పి, ఆరుబయట పరచి ఆరనివ్వాలి.

ఖర్చు లెక్క కూడా చెప్పాలి గదా. ఉప్పుకాగితాలు, బంక, లక్క, స్పిరిట్ అన్నీ కలిపి 900 రూపాయలు దాటలేదు. మేస్త్రీకి రెండు రోజుల కూలి 2,400. మొత్తం 3,300. అంత డబ్బుకు బజారులో దొరికేది నానితే అటుకులయ్యే బల్లే.

"ఇది మీ ఇంటి టేకు బల్ల కథ. అశోక్‌నగర్ గదిలో మడతమంచంమీద పడుకునే మాకేమిటి?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు జిల్లాల నుంచి వచ్చి అశోక్‌నగర్, చిక్కడపల్లి, గాంధీనగర్ గదుల్లో ఉంటారు. పగలంతా చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో, అక్కడ చోటు దొరక్కపోతే గదిలో. ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక మంచం వాళ్ళ ఆస్తి. పరీక్ష అయిపోగానే, లేదా ఇంటినుంచి డబ్బు ఆగిపోగానే గది ఖాళీ చేస్తారు. నెలాఖరుకు ఆ సందుల్లో నడిచి చూడండి. కరెంటు స్తంభాలకు ఆనించి మంచాలు, బల్లలు, కుర్చీలు. అదే వారం ఇంకో కుర్రాడు ఊరినుంచి దిగి, అవే వస్తువులు కొత్తవి కొనుక్కుంటాడు. ఈయనకు పారేయడానికి మనసొప్పదు, ఆయనకు కొనడానికి డబ్బు చాలదు. మధ్యలో స్తంభం దగ్గర నిలబడింది అయిదారు వందల పని మాత్రమే.

ఏది బాగవుతుందో ఏది కాదో తెలిస్తే చాలు. ఇనప మడతమంచం తుప్పు పడితే పారేయనక్కర్లేదు. తీగెల బ్రష్‌తో గీకి, కిరసనాయిలు గుడ్డతో తుడిచి, ఆరాక రెడాక్సైడ్ ఒక పూత, పైన రంగు ఒక పూత. అయితే ఎవరో వదిలేసిన మంచం గదిలోకి తెచ్చుకునేముందు నల్లుల సంగతి చూసుకోండి. నల్లికి కీళ్ళ సందులే కాపురం. ప్రతి సందులో సలసల కాగే నీళ్ళు పోసి, మిట్టమధ్యాహ్నపు ఎండలో పెట్టండి. ఎండ ఒక్కటే నమ్ముకుంటే నల్లి నీడపక్కకు జరుగుతుంది. పరుపు మాత్రం ఎవరిదీ తెచ్చుకోవద్దు.

ప్లాస్టిక్ వైరు కుర్చీ అల్లిక తెగితే, చట్రం బాగున్నంతకాలం ఎన్నిసార్లైనా అల్లించుకోవచ్చు. పేము కుర్చీ సీటు కుంగిందా? తెగనంతవరకు కింది వైపు వేడినీళ్ళ గుడ్డతో బాగా తడిపి నీడన ఆరనివ్వండి. ఆరుతూ బిగుసుకుంటుంది. తెగితే అల్లేవాళ్ళు ఉన్నారు. మన దేశంలో అంధులకు శిక్షణ ఇచ్చే సంస్థల్లో కుర్చీల అల్లిక నేర్పడం చాలాకాలంగా ఉన్నదే. చూపు లేనివాళ్ళు వేళ్ళతో చేసే పని, చూపున్న మనం చేతకాదని పారేస్తున్నాం. నవారు మంచం సాగితే విప్పి ఉతికి మళ్ళీ బిగించుకోవడం మన అమ్మమ్మలకు తెలిసిన విద్యే.

పొట్టుపలక బల్లను కూడా కొంతకాలం బతికించవచ్చు. మర ఊడిన బెజ్జంలో బంకలో ముంచిన అగ్గిపుల్లలు నాలుగు దూర్చి, ఆరాక మళ్ళీ మర బిగిస్తే పట్టుకుంటుంది. కాగితం ఊడిన అంచులకు బంకో రంగో పూసి తేమ ఎక్కకుండా చూడాలి. కాళ్ళకింద ఇటుకముక్కలు పెడితే నేల కడిగినప్పుడు తడవదు. ఉబ్బాక మాత్రం దానికి నమస్కారం పెట్టేయడమే. కాలు చిట్లిన ప్లాస్టిక్ కుర్చీ కూడా అంతే. తీగెతో కట్టి కూర్చుంటే ఏదో ఒకరోజు నడుము విరుగుతుంది. చెదలు తిన్నదైతే వేలితో నొక్కి చూడండి. పైన తెల్లచెక్క పోయినా లోపల చేవ గట్టిగా ఉంటే బతుకుతుంది. వేలు లోపలికి దిగితే ఆశ వదులుకోండి.

పాత రంగు గీకేటప్పుడు ఒక్క జాగ్రత్త. వెనకటి రంగుల్లో సీసం కలిపేవారు. మన ప్రభుత్వం 2016లో నిబంధనలు తెచ్చి, ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం పది లక్షల వంతుల్లో 90 వంతులు మించరాదని కట్టడి చేసింది. అంతకుముందు వేసిన రంగయితే పొడిగా రుద్దకండి. ఆ దుమ్ము చిన్నపిల్లలకు విషం. తడిపి రుద్ది, తుడిచిన గుడ్డ పారేయండి. ముక్కుకు గుడ్డ తప్పనిసరి.

ఇప్పుడు ఆక్షేపణలకు జవాబు చెప్పాలి. బల్ల పనిలో ఉండగా మా పక్కింటావిడ తొంగిచూసి, "లెక్చరరై ఉండి వడ్రంగం పని ఏమిటమ్మా, ఒకణ్ణి పిలిస్తే పోలా?" అంది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. మనందరి మనసులో ఉన్నమాటే పైకి అంది. పుస్తకం పట్టిన చెయ్యి వేరు, ఉలి పట్టిన చెయ్యి వేరు అని మనం ఎప్పుడో పంచేసుకున్నాం. చేతిపని ద్వారానే చదువు నడవాలని గాంధీగారు 1937లో వార్ధా విద్యా సదస్సులో ప్రతిపాదించారు. ఆ తరువాత ఎన్ని కమిటీలు వేసినా, చేతిపని మన బళ్ళలో ఒక పీరియడ్ పేరుగా మిగిలింది. ఆ పీరియడ్‌లో లెక్కల మేష్టారు పోర్షన్ పూర్తి చేసేవారు!

రెండో ఆక్షేపణ ఇంకా గట్టిది. మనమే చేసుకుంటూ పోతే వడ్రంగి నోట్లో మన్ను కొట్టినట్టు కాదా? నా అనుభవం దీనికి తలకిందులు. ఆ పట్టీని నేను చీల్చుకోకపోతే మేస్త్రీ రోజుకూలి 1,200 అనగానే వెయ్యికి బేరమాడేదాన్ని. నా చేతులు బొబ్బలెక్కాక నోరు రాలేదు. ఆయన రెండు గంటల్లో వేసిన పేడు నేను రెండు ఆదివారాలైనా వేయలేను. పని కష్టం తెలిసినవాడే పనివాడికి న్యాయమైన కూలి ఇస్తాడు. ఆ మేస్త్రీకి మనం అన్యాయం చేస్తున్నది సొంతంగా రుద్దుకోవడం వల్ల కాదు, బాగుచేయించడానికి పిలవడమే మానేసినందువల్ల. "నీ తరువాత ఎవరు తాతా?" అని అడిగితే, కొడుకు ఫ్లాట్లలో ప్లైవుడ్ కప్‌బోర్డులు బిగించే పనికి పోతున్నాడని చెప్పాడు. "గా పనిలో బెజ్జం కొట్టేదే ఉండదు బిడ్డా" అన్నాడు. కొడుకుమీద కోపంతో అనలేదు. ఉన్నమాట చెప్పాడు.

ఈ ఆలోచన నా ఒక్కదానిదే అనుకోకండి. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో రిపేర్ కేఫ్ అని మొదలుపెట్టారు. పాడైన వస్తువు పట్టుకుని వెళితే, పని తెలిసినవాళ్ళు పక్కన కూర్చుని మనచేత బాగుచేయిస్తారు. అది తరువాత చాలా దేశాలకు పాకింది. బాగుచేయించుకునే హక్కు అనే మాట చట్టాల్లోకి వస్తోంది. మన కేంద్రప్రభుత్వం కూడా 2022 డిసెంబరులో దానికో పోర్టల్ పెట్టింది. ఫోన్లు, వాహనాలు, వ్యవసాయ యంత్రాల కోసం పెట్టింది లెండి. కుర్చీల కోసం ఎవరూ పెట్టరు. కుర్చీకి కావలసింది పోర్టల్ కాదు, వంగి కిందికి చూసే మనిషి.

కనుక యూనియన్ వారికి నా విన్నపాలు మూడు.

మొదటిది, కాలేజీలో ఏ బెంచీనైనా కండెమ్ జాబితాలో రాసేముందు దాన్ని ఒకసారి తిరగేసి చూడాలని ప్రిన్సిపాల్‌గారిని అడగండి. స్టాకు రిజిస్టరులో ఉన్న వస్తువు కాలేజీ ఆస్తి, మన ఇష్టం వచ్చినట్టు ముట్టుకోకూడదు, ఒప్పుకుంటాను. అందుకే అనుమతి అడగమంటున్నాను. అతుకు వదులైనవి ఒక వరసలో, చెక్కే పోయినవి ఒక వరసలో పెట్టడానికి ఒక పూట చాలు. పోయినవాటి చెక్క ఉన్నవాటికి పేళ్ళుగా పనికొస్తుంది.

రెండోది, నెలకొక శనివారం ఒక మేస్త్రీని పూర్తి కూలి ఇచ్చి పిలిపించండి. పక్కన పదిమంది విద్యార్థులు ఉండాలి, బంక గీకడానికి, ఉప్పుకాగితం పట్టడానికి, నేర్చుకోవడానికి. కూలి ఎగ్గొట్టడానికి విద్యార్థులను పెడుతున్నారనే మాట రాకూడదు. డబ్బెక్కడిదంటారా? వార్షికోత్సవానికి గేటునుంచి స్టేజీదాకా కట్టే ఫ్లెక్సీల్లో సగం తగ్గించండి. ఆ ఫ్లెక్సీలమీద ఉండేది ఎలాగూ మీ ఫోటోలే, మిమ్మల్ని మేం రోజూ చూస్తూనే ఉన్నాం.

మూడోది, ఏడాది చివర గదులు ఖాళీ చేసే విద్యార్థుల దగ్గరనుంచి బల్లలు, కుర్చీలు, మంచాలు తీసుకుని ఒక గదిలో పెట్టండి. సెలవుల్లో బాగుచేసి, జూలైలో కొత్తగా చేరే పిల్లలకు ఇవ్వండి. వెళ్ళేటప్పుడు వాళ్ళు తిరిగి ఇచ్చిపోతారు. మొదటిసారి బస్సు దిగి, చేతిలో ట్రంకుపెట్టెతో నిలబడ్డ పిల్లకు, "నీకొక బల్ల ఉంది" అని చెప్పగలిగితే యూనియన్ ఆ ఏడాది చేసిన పనుల్లో అది తక్కువదేమీ కాదు.

మీలో కొందరికి ఇది చిన్న విషయంగా తోచవచ్చు. ఫీజులు, ఖాళీ పోస్టులు, నోటిఫికేషన్లు ఇంతింత సమస్యలుండగా ఈవిడ కుర్చీ కాలు పట్టుకుందేమిటి అనుకోవచ్చు. పెద్ద సమస్యల మీద మీరు పోరాడండి, నేనూ మీ వెంట ఉంటాను. కాని ఆ సమస్యలకు మనం అర్జీ పెట్టి ఎదురుచూడాలి. దీనికి ఎదురుచూడనక్కర్లేదు. గుట్టలో ఆ టేకు బెంచీ ఇంకా ఉంది. వేలం ఇంకా జరగలేదని విన్నాను.

మా బల్లమీద ఇప్పుడు మా అన్నయ్య కూతురు చదువుకుంటోంది. ఈ వ్యాసం కూడా దానిమీదే రాశాను. సొరుగు కొంచెం బిగుతుగా ఉంటే మైనపువత్తి రుద్దాను, జారుతోంది. అమ్మ మళ్ళీ ఏమీ అనలేదు. కాని మొన్న సంక్రాంతికి అరిసెల పిండి తెచ్చి దానిమీదే ఆరబోసింది.

రేపు క్లాసులో మీరు కూర్చున్న బెంచీ కదిలితే, నోటుపుస్తకంలో కాగితం చించి మడిచి కాలికింద పెట్టకండి. క్లాసయ్యాక తిరగేసి చూడండి. ఏ అతుకు వదులైందో రాసుకుని నా దగ్గరికి రండి. నా దగ్గర బంక ఉంది, తాడు ఉంది. మేస్త్రీ ఇల్లు నాకు తెలుసు.